గోడ దాటిన అంచు

నా ఉద్యోగం చివరి రోజుల్లో నేను బిగించిన టీవీలన్నిటికీ పేర్లున్నాయి. సత్తెనపల్లి దగ్గర ఒక పత్తిరైతు, చనిపోయిన తన ఎద్దు పేరు పెట్టించుకున్నాడు. తుళ్లూరులో ఒకావిడ 'మా ఆయనకి ఇవ్వను' అని పెట్టమంది. అంత పొడుగు పేరు వద్దులెమ్మంటే, 'ఇవ్వను' అని కుదించింది. షాపులో నాతో పనిచేసే కుర్రాళ్ళు, "టీవీకి బారసాల అయ్యిందా మాస్టారూ?" అని ఏడిపించేవాళ్ళు. అయ్యిందనే చెప్పేవాణ్ణి. పేరు పెట్టకుండా గుమ్మం దిగేవాణ్ణి కాదు.

ఈ అలవాటు నాకు తెలివి వల్ల రాలేదు. ఒక తప్పు వల్ల వచ్చింది. ఇప్పుడు ఈ పనిలో ఉన్న మీకు చెబితే, కనీసం ఆ తప్పయినా మళ్ళీ జరగకుండా ఉంటుందని రాస్తున్నాను.

నేను గుంటూరులో ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో టీవీ మెకానిక్‌ని. యాంటెన్నాల కాలంలో చేరాను. మేడ మీద నేను గొట్టం తిప్పడం, కింద నుంచి ఇంటాయన "వచ్చింది, వచ్చింది... పోయింది!" అని కేకలు వేయడం, ఇదీ అప్పటి ఉద్యోగం. బొమ్మ రాకపోతే గాలి మీదో, కాకి మీదో నెట్టేసే వీలుండేది. తర్వాత కేబుల్ వచ్చింది, డిష్ వచ్చింది, ఆఖరికి గోడకు అంటుకుపోయే ఈ స్మార్ట్ టీవీలు వచ్చాయి. వీటిని బిగించగానే అందరూ అడిగేది ఒక్కటే: "ఫోనులో ఉన్నది దీంట్లో ఎట్టా కనపడుద్దండీ?"

దానికి రెండు దారులున్నాయి. మీకు తెలిసిందే అయినా, జరిగిన గొడవంతా ఇక్కడే ఉంది కాబట్టి చెబుతాను. మొదటి దారిలో ఫోను టీవీకి కబురు మాత్రమే చేస్తుంది, 'ఫలానా పాట వెయ్యి' అని. ఆ పాటను ఇంట్లో ఉన్న వైఫై ద్వారా టీవీ తనంతట తానే తెచ్చుకుంటుంది. ఆ తర్వాత ఫోను జేబులో వేసుకున్నా, అందులో ఎవరితో మాట్లాడినా పాట ఆగదు, మాట బయటికి రాదు. రెండోది అద్దం లాంటిది. ఫోను తెర మీద ఏముంటే అది ఉన్నదున్నట్టు టీవీలో పడుతుంది. ఫొటో తెరిస్తే ఫొటో, మెసేజ్ వస్తే మెసేజ్. దీనికి చాలా టీవీల్లో ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఫోను నేరుగా టీవీతోనే గాలిలో మాట్లాడుకుంటుంది. ఆ మాటకు ఇటుక గోడ ఒక లెక్క కాదు.

అందుకే కంపెనీవాళ్ళు ఒక కాపలా పెట్టారు. ఎవరి ఫోనైనా అద్దం పట్టబోతే, 'రానివ్వమంటారా?' అని టీవీ అడుగుతుంది. రిమోట్‌తో సరే అనాలి. ఇది పెద్దవాళ్ళకు చికాకు. "ఏందో అడుగుతందండీ, ఏం నొక్కమంటారు?" అని నాకు ఫోన్లు. ఆ ఫోన్లు పడలేక, బిగించేటప్పుడే ఆ అడగడాన్ని తీసేయడం మొదలుపెట్టాను. ఎవరొచ్చినా తలుపు తీసే ఉంటుందన్నమాట. ఇక పేరు సంగతి. ఒకే కంపెనీ ఒకే మోడల్ టీవీలన్నీ పెట్టెలోంచి వచ్చేటప్పుడు ఒకే పేరుతో వస్తాయి. మార్చడం నిమిషం పని. నేను మార్చేవాణ్ణి కాదు. ఎవరూ అడగలేదుగా!

మంగళగిరిలో చేనేత వీధిలో గోడకు గోడ ఆనుకుని ఉన్న రెండిళ్ళకు నేను ఒకే రోజు టీవీలు బిగించాను. ఒకటి ఒక షావుకారుది. అంటే సొంత మగ్గాలు పెట్టి, నేతగాళ్ళ చేత నేయించి, చీరలు కొట్లకు వేసే మనిషి. పక్కిల్లు ఆయన బావది. ఆయనదీ అదే పని. బావాబావమరదులు బేరం కలిసొస్తుందని ఒకే మోడల్ రెండు కొన్నారు. షావుకారింట్లో గోడకు రంధ్రం వేయబోతుంటే, గుంట మగ్గంలో కూర్చున్న నేతగాడు తల పైకెత్తి అరిచాడు.

"ఆగండి మెకానిక్ గారూ! మీరు గోడ అదిరిస్తే ఇక్కడ నా పోగు తెగుద్ది. ఈ వరస అవనీండి."

వరస అయ్యాక తనే లేచొచ్చి టీవీ రెండో కొస పట్టుకున్నాడు. యాభై దాటిన మనిషి, బక్కపల్చగా, నోరు మాత్రం ఊరుకోదు. "మా షావుకారు మగ్గానికి గుడ్డ కప్పుతాడండీ, టీవీని మాత్రం గోడెక్కిస్తన్నాడు" అన్నాడు. షావుకారు నవ్వుతూ, "నువ్వు నోరు మూసుకుని నేస్తే దానికీ కప్పుతాలే" అన్నాడు.

మగ్గానికి గుడ్డ కప్పడం ఉత్తమాట కాదు. కొత్త అంచు వేస్తే, మొదటి చీర మగ్గం దిగేదాకా బయటి కంట పడనివ్వకూడదని ఆ ఇంటి పట్టుదల. పని ఆపగానే అంచు మీద గుడ్డ కప్పుతారు. చుట్టాలొచ్చినా ఆ గదిలోకి పిలవరు. ఎంతో కష్టపడి గీయించుకున్న డిజైను పక్క వీధిలో ముందే నేసేస్తే, కొట్లవాళ్ళు రెండోసారి మొహం చూడరు. నేసే మనిషికి మాత్రం దాచడానికి లేదు. కాబట్టి ఆ గుట్టంతా నేసేవాడి నమ్మకం మీదే నిలబడి ఉంటుంది.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం నేను సత్తెనపల్లిలో ఒక మేడ మీద డిష్ సరిచేస్తున్నాను. నెత్తిన ఎండ, నోట్లో మేకులు. షావుకారు ఫోన్ చేశాడు. కొత్త అంచు డిజైను ఫోనుకు వచ్చిందట, నేసేవాడని ఒక్క నేతగాడికే చూపించాడట. చూపు ఆనడం లేదు, టీవీలో పెద్దదిగా చూసుకుందామని కూర్చున్నారట.

"మెకానిక్ గారూ, టీవీ పేరు రెండుసార్లు కనపడతంది. ఒకదాని కింద ఒకటి. ఏది నొక్కను?"

ఆ క్షణాన నేను ఒక్కసారి ఆలోచించి ఉంటే చాలు. అక్కడ ఒక గోడ ఉందనీ, గోడవతల అలాంటి టీవీయే ఉందనీ నాకు గాక ఇంకెవరికి తెలుస్తుంది?

"రెండూ ఒకటేనండీ. పైది నొక్కండి."

"నొక్కా. కలిసిందని రాశాడు. టీవీలో ఏం రాలా."

"కాస్త టైము పడుతుంది. ఈలోపు ఫోనులో బొమ్మని పెద్దది చేసి, అటూ ఇటూ జరపండి. కదలిక ఉంటే త్వరగా వస్తుంది."

ఈ చివరి మాటకు ఏ శాస్త్రమూ లేదు. అవతలి మనిషిని ఊరుకోబెట్టడానికి మెకానిక్‌లు అనే మాట. పాపం, నేను చెప్పినట్టే ఆయన తన అంచును మూలమూలనా పెద్దది చేసి, నిదానంగా జరుపుతూ కూర్చున్నాడు. ఎదురుగా తన టీవీ ఖాళీగా ఉంది. గోడవతల బావ ఇంట్లో టీవీ ముందు భోజనాలవుతున్నాయి.

మర్నాడు పొద్దున కూరగాయల బండి దగ్గర పక్కింటావిడ షావుకారు భార్యతో అందిట: "ఏం వదినా, మీ కొత్త అంచులో మామిడిపిందెలు ఎంత ముద్దుగున్నాయే! మా టీవీలో చూశాం. ముందు ఏదో చీరల యాడేమో అనుకున్నాం."

అంతే, వీధి అంటుకుంది. షావుకారు నన్ను పిలిపించాడు. వెళ్ళేసరికి బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేతగాడు మగ్గంలోంచి లేచి గోడ పక్కన నిలబడ్డాడు.

"నీ పిందెలు నాకెందుకయ్యా! నా అంచు మా తాతలనాటిది, అదే చాలు నాకు. టీవీలో వచ్చింది, చూశాం. చూసిందే చెప్పింది మీ చెల్లెలు" అంటున్నాడు బావ.

"నా ఫోనులో ఉన్నది నా టీవీలోనే రాలేదు, నీ టీవీలో వచ్చుద్దా? చెవిలో పువ్వు పెట్టమాక బావా!" షావుకారు నా వైపు తిరిగాడు. "మీరే చెప్పండి మెకానిక్ గారూ. అట్టా జరుగుద్దా?"

"జరగదండీ" అన్నాను.

అనేశాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ కంప్లయింటుకైనా నా నోట్లోంచి ముందు వచ్చే మాట అదే. మా తప్పు కాదు, మా టీవీ తప్పు కాదు. మాట బయటికి వచ్చాకగానీ సత్తెనపల్లి మేడా, ఒకదాని కింద ఒకటి ఉన్న రెండు పేర్లూ గుర్తుకు రాలేదు. గుర్తుకు వచ్చేటప్పటికి షావుకారు నా మాట పట్టుకుని నేతగాడి వైపు తిరిగిపోయాడు.

"అయితే ఈ ఇంట్లోంచే పోయింది."

ఎప్పుడూ ఊరుకోని నేతగాడి నోరు ఆ రోజు పెగల్లేదు. ఇప్పుడైనా చెబుదామా అని నాలుక చివరిదాకా వచ్చింది. రిటైరయ్యే ముందు నా మీద కంప్లయింటు ఏంటనుకున్నాను. ఏదో మాటలనుకుంటారు, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందనీ అనుకున్నాను. స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుని, జిప్పు లాగి, వచ్చేశాను. చాలామంది ఇళ్ళలో చాలా చిన్న తప్పులు చేశాను గానీ, తెలిసి చేసింది ఆ జిప్పు లాగడమే.

సర్దుకోలేదు. కొన్నాళ్ళ తర్వాత గుంటూరులో ఒక మిర్చి గోదాములో, ఆఫీసు గదిలోని టీవీ పోయిందని వెళ్ళాను. గుమ్మం దాటగానే దగ్గు మొదలు. ముక్కుకు కండువా చుట్టుకుని నడుస్తుంటే, మిరపకాయలకు ముచ్చికలు తీస్తున్న ఆడవాళ్ళ మధ్యలోంచి పిలుపు:

"మెకానిక్ గారూ! ఇక్కడ గూడా గోడలు అదిరిస్తారా?"

నేతగాడే. ఎర్రటి గుట్టల మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"నువ్వేంటి ఇక్కడ?" అన్నాను, జవాబు తెలిసి కూడా.

"షావుకారు మగ్గం దిగమన్నాడు. గుట్టు అమ్ముకున్నోడని పేరొచ్చాక ఆ వీధిలో ఇంకెవరు ఎక్కిస్తారు? నాకా, నేత తప్ప ఇంకో పని రాదు."

"ఇదీ రాదులే" అంది పక్కనున్న ముసలావిడ. "ముచ్చికకి సగం కాయ తెంపుతాడు. కబుర్లు మాత్రం బస్తాకెత్తొచ్చు."

అతను నవ్వి చేతులు చూపించాడు. పోగు తగిలితే తెలిసిపోయే వేళ్ళు. ఎర్రగా వాచి, గోళ్ళ చుట్టూ పగిలి ఉన్నాయి. "మంటండీ. అన్నం కలుపుకుంటే మంట, మొహం కడుక్కుంటే మంట."

నేను అతని పక్కన కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాను. "నీ తప్పు లేదని నాకు తెలుసు. తప్పు నాది."

మొత్తం విన్నాడు. చేతిలో కాయ అలాగే ఉంది. కోపపడతాడనుకున్నాను.

"తెలిస్తే చెప్పాల్సింది నాక్కాదు గదండీ" అన్నాడు, ముచ్చిక తెంపి కాయ గుట్టలోకి విసురుతూ.

ఆఫీసు గదిలో టీవీ సంగతి ఏం చేశానో గుర్తు లేదు. అక్కణ్ణుంచి నేరుగా మంగళగిరి వెళ్ళాను. దారిలో మా షాపు మేనేజరుకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. మా అబ్బాయి వయసు వాడు. "ఇప్పుడెందుకు మాస్టారూ కదపడం? వాళ్ళే మర్చిపోతారు" అన్నాడు. ఆ మాట నా నోట్లోంచి వచ్చినట్టే ఉంది. వాణ్ణి తప్పుపట్టలేకపోయాను. వాడికి పని నేర్పింది నేనే.

షావుకారింట్లో సాయంత్రం మగ్గాలు ఆగాయి. ఒక మగ్గం మాత్రం గుడ్డ కప్పి, దుమ్ము పట్టి ఉంది. నేను కూర్చోకుండానే, "మీ ఫోను ఇవ్వండి. పక్కింటివాళ్ళని టీవీ పెట్టుకోమనండి" అన్నాను.

"మేం మాట్లాడుకోవట్లా" అన్నాడు షావుకారు.

ఆయన భార్య ఆ మాట పట్టించుకోకుండా పెరటి గోడ దగ్గరకెళ్ళి, "వదినా, ఒకసారి టీవీ పెట్టు!" అని కేకేసింది. అవతల టీవీ చప్పుడు.

ఫోనులో అద్దం దారి తెరిచాను. ఒకే పేరు, ఒకదాని కింద ఒకటి. షావుకారుకు చూపించి, ఆయన వేలితోనే పైది నొక్కించాను. ఎదుట ఆయన టీవీ ఖాళీ. రెండు క్షణాల్లో గోడవతల నుంచి అరుపు.

"వదినా! అన్నయ్య ఫోను మళ్ళీ మా టీవీలోకొచ్చేసింది!"

షావుకారు నమ్మలేదు. ఫొటోలు తెరిచాడు. "ఏం కనపడతందో చెప్పమను!"

"మీ మనవరాలు! బోసినోరు!" అని అవతల నుంచి. ఇంకోటి తెరిచాడు. "గుళ్ళో ప్రసాదం లైను!" అప్పుడే ఫోను టింగుమంది. వేరే చుట్టం ఎవరిదో మెసేజ్ తెర మీద పడింది. షావుకారు వేలు దాన్ని తోసేసేలోపు పక్కింటావిడ పెద్దగా చదివేసింది:

"బావా, తెనాలి నుంచి జిలేబీ తెచ్చా, నీ షుగరుకి చెల్లెమ్మ ఒప్పుకోదు, చెప్పమాక, వెనక గుమ్మం కాడికి రా..."

అవతల బావ నవ్వు గోడను కూడా దాటింది. షావుకారు భార్య నడుం మీద చేతులేసుకుని మొగుడి వైపు చూసింది. "ఇదన్నమాట వెనక గుమ్మం పని!"

షావుకారు మాత్రం నవ్వలేదు. మంచం మీద కూలబడ్డాడు. బావ కుటుంబం చెప్పింది నిజం. గుట్టు ఎవరూ అమ్మలేదు, ఆయనే చేతులారా పంపాడు. పంపమన్నది నేను. "ఆ రోజు రెండూ ఒకటేనని చెప్పాను. తర్వాత జరగదని కూడా చెప్పాను. జరుగుతుందని గుర్తొచ్చాక కూడా ఊరుకున్నాను" అన్నాను.

తిడతాడని నిలబడ్డాను. తిట్టాడు కూడా. అది ఇక్కడ రాయను, కానీ ఒక్క మాట కూడా ఎక్కువ కాదు. ఆఖరుకు ఊపిరి తీసుకుని అడిగాడు: "వాడెక్కడున్నాడో తెలుసా?"

మర్నాడు ఇద్దరం గోదాముకు వెళ్ళాం. షావుకారు దారంతా ఏదో గొణుక్కుంటున్నాడు. చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటున్నాడని అర్థమై నేను కదిలించలేదు. తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. మిర్చి గోదాముకు వచ్చే బట్టలు కావవి.

లోపలికి వెళ్ళి నేతగాడి ముందు నిలబడ్డాడు. "ఒరేయ్..." అన్నాడు. అంతే, దగ్గు. తుమ్ము మీద తుమ్ము. కళ్ళల్లోంచి ధారగా నీళ్ళు. కూర్చుకొచ్చిన మాటలు ఒక్కటీ బయటికి రాలేదు. నోరు తెరిస్తే ఘాటు, మూస్తే దగ్గు. చుట్టూ ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు.

"నీళ్ళియ్యండమ్మా ఎవరైనా" అన్నాడు నేతగాడు లేచి. "షావుకారు గారూ, కళ్ళు రుద్దుకోమాకండి, ఇంకా మండుద్ది. ఇంతకీ ఇది ఏడుపా, ఘాటా?"

షావుకారు దగ్గులోనే వేళ్ళతో రెండూ అని చూపించాడు.

నేతగాడి మొహంలో నవ్వు లేదు. "ఆ రోజు నన్నొక మాట అడగాల్సింది" అన్నాడు. "అమ్మావా అని అడిగినా బాగుండేది. అడక్కుండానే దిగమన్నారు."

షావుకారు తలాడించాడు. నీళ్ళు తాగి, గొంతు కుదుటపడ్డాక ఒక్కటే అన్నాడు: "నీ మగ్గం ఎవరికీ ఇవ్వలేదురా. ఇంకో చెయ్యి పడితే అంచు మారిపోద్ది. కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది. రా."

"ఇప్పుడు రాను" అన్నాడు నేతగాడు.

షావుకారు నా వైపు చూశాడు. అతను మా ఇద్దరి ముందూ చేతులు చాపాడు.

"ఈ చేతుల్తో నూలు పట్టుకుంటే ఘాటు పోగుకి ఎక్కుద్ది. రేపు ఆ చీర కట్టుకున్న అమ్మ ఒళ్ళు మండి మనిద్దర్నీ తిడుద్ది. మంట తగ్గనీండి, వస్తా."

"తగ్గేదాకా ఏం చేస్తావు?"

"మజ్జిగలో చేతులు పెట్టుకుని మీ ఇంటి అరుగు మీద కూర్చుంటా. మీరు జిలేబీ పెట్టండి." ఆ కబురు అప్పటికే గుంటూరు దాకా ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

చెప్పినట్టే వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు, దారిన పోయే అందరికీ టీవీ గోడ దాటిన కథ చెప్పాడు, నన్ను చెడ్డవాణ్ణి చేయకుండా మాత్రం చెప్పలేదు. అది నాకు న్యాయంగానే తోచింది. నేను ఆ రెండిళ్ళ టీవీలకూ పేర్లు మార్చి, తీసేసిన కాపలా మళ్ళీ పెట్టి వచ్చాను. మా మేనేజరు కుర్రాడికీ కూర్చోబెట్టి చెప్పాను, నేర్పిన దాంట్లో సగం తిరగనేర్పాలి గదా.

చేతులు చల్లబడ్డాక అతను మగ్గంలోకి దిగాడు. మామిడిపిందెల అంచు చీర పూర్తయి, మడతపడి, కొట్టుకు వెళ్ళింది. దాన్ని ఎవరు కొన్నారో, ఏ ఊళ్ళో ఏ పెళ్ళికి కట్టుకున్నారో నాకు తెలియదు. ఒళ్ళు మండిందని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ కబురు చేయలేదు.